లెవెల్ చూసుకోవడానికి పిలిచిన పిలుపు

పోయిన వారం ఫ్యాక్టరీలో టీ వేళ పక్క సెక్షన్‌లో పనిచేసే ఆయన ఒకడు నన్ను పట్టుకున్నాడు. బాగలూరు దగ్గర వాళ్ళ బావమరిది గులాబీల గ్రీన్‌హౌస్ వేశాడట. దాన్ని వీడియో తీయాలట. చిన్న కెమెరా ఉంది గానీ మాట సరిగ్గా పడటం లేదు, ఏ మైకు కొనాలి అని అడిగాడు. నన్ను ఇట్లాంటి ప్రశ్న ఒకసారి అడిగినవాళ్ళు రెండోసారి అడగరు. లోపలా బయటా, గాలి ఎంత, మాట్లాడే మనిషి నిలబడతాడా నడుస్తాడా, పక్కన ఫ్యాను తిరుగుతుందా, కరెంటు ఉందా బ్యాటరీనా అని వరుసగా అడుగుతూ పోయాను. ఆయన చేతిలో టీ చల్లారిపోయింది. చివరికి, "పూలు మాట్లాడవప్పా, మా బావమరిది రెండు ముక్కలు మాట్లాడతాడు, అంతే" అన్నాడు. నేను నవ్వి, ఒక మైకు పేరు చెప్పి పంపేశాను. కానీ ఆ పూటంతా పని మీద మనసు నిలవలేదు. తళి ఊరికి పైన, కొండ మీద చలిలో, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఎర్రగా వెలుగుతున్న ఒక చిన్న గుర్తు వైపు చూస్తూ కూర్చున్న పొద్దు గుర్తొచ్చింది.

మా చిన్నాయనకు హోసూరు బస్టాండు వెనక వీధిలో వీడియో షాపు ఉండేది. తొంభైల్లో ఆ చుట్టుపక్కల జరిగిన పెళ్ళిళ్ళలో సగం ఆయన కెమెరాలో నుంచే జరిగాయని చెప్పాలి. ఆయన కుర్చీలో కూర్చుని ఉండగా నేను చూసిన జ్ఞాపకం లేదు. అన్నం కూడా గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మానికీ పెరడుకీ మధ్య తిరుగుతూ తినేవాడు. తాళి కట్టే వేళ పెళ్ళికూతురి మెడ కనపడకపోతే పురోహితుణ్ణే భుజం పట్టి పక్కకు జరిపేవాడు. ఆయన గొంతు పెద్దది. "ఈడ చూడండమ్మా, ఈడ" అంటే మేళం కూడా ఒక్క క్షణం తడబడేది. పెళ్ళిళ్ళు ఆయనకు అన్నం పెట్టాయి గానీ నిద్ర పట్టనివ్వలేదు. నిజమైన సినిమా ఒకటి తీయాలి, పెళ్ళికొడుకు లేని సినిమా, అనేవాడు. నలభై దాటాక ఆ మాట మరీ తరచుగా అనడం మొదలుపెట్టాడు.

అన్నట్టుగానే కృష్ణగిరి మామిడితోటల మీద అరగంట సినిమా తీసి, బెంగళూరులో ఒక టీవీ చానెల్‌లో పనిచేసే పెద్దమనిషికి చూపించాడు. ఆయన మర్యాదగా చివరిదాకా చూసి, బొమ్మ బాగుంది, శబ్దం మాత్రం బావిలో నుంచి వస్తున్నట్టుంది అన్నాడట. ఇంకొకటి తీసుకొస్తే చూస్తాను, మూడోది మాత్రం చూడను అని కూడా అన్నాడట. చిన్నాయన బెంగళూరు బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. నేను అప్పుడే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ముగించి, ఫ్యాక్టరీలో అప్రెంటిసుగా ఉన్నాను. చెప్పులు విడవకుండానే, "బొమ్మ నేను చూసుకుంటా. చెవి నీది. ఇది కూడా పోయిందంటే నేను చచ్చేదాకా అరటాకుల మీద లైట్లు ఏసుకుంటా తిరగాల్సిందే" అన్నాడు. వెనకనే వచ్చిన పిన్నమ్మ, "అరటాకులు తినేవాళ్ళకన్నా నయమప్పా, కదలకుండా ఉంటాయి" అంది.

సినిమా ఏమిటో ఆయన ముందే తేల్చుకున్నాడు. పిన్నమ్మ పుట్టిల్లు తళికి అవతల, కొండవాలు మీద ఒక చిన్న పల్లె. అక్కడ వాళ్ళు ఒక చేలో నుంచి ఇంకో చేలోకి, ఒక వాలు నుంచి ఎదుటి వాలుకు, గొంతుతో పిలుచుకుంటారు. మధ్యలో లోతైన వంక ఉంటుంది. దిగి ఎక్కాలంటే అరగంటకు పైనే పోతుంది. టెలిఫోను కావాలంటే తళి దాకా రావాలి. కాబట్టి అన్నానికి రమ్మన్నా, ఆవు ఈనిందన్నా, చుట్టాలు వచ్చారన్నా అన్నీ పిలుపే. ఇంకొన్నాళ్ళలో ఆ వాలుకూ ఫోను వస్తుంది, అప్పుడు ఇది ఉండదు, అని చిన్నాయన తొందర. దూరపు గొంతు తప్ప ఇంకేమీ లేని సినిమా, అదీ శబ్దం బాగాలేదని తిరగ్గొట్టిన మనిషి కోసం.

నేను కాగితం మీద గళ్ళు గీశాను. ఎడమ వైపు మిషన్లు, పైన గుణాలు. బరువు, బ్యాటరీ ఎంతసేపు, మైకు తీగ గట్టిగా పట్టుకుంటుందా, శబ్దం ఎంత పడుతోందో చూపే ముల్లు ఎండలో కనిపిస్తుందా, చలికి తట్టుకుంటుందా. ఆదివారాలు చిన్నాయనా నేనూ బెంగళూరు ఎస్.పి. రోడ్డులో కొట్లన్నీ తిరిగేవాళ్ళం. మిగిలినవి మూడు. మామూలు క్యాసెట్ రికార్డరు ఎక్కడైనా పనిచేస్తుంది గానీ వెనక సన్నగా బుసకొడుతుంది. మినీడిస్క్, అరచేతిలో పట్టే డిస్కు మిషన్, జేబులో పడుతుంది, పెన్సిల్ సెల్లుతో చాలాసేపు నడుస్తుంది, కానీ మైకు తీగ పెట్టే రంధ్రం వదులు, పైగా శబ్దాన్ని కుదించి దాస్తుంది. మూడోది డాట్, చిన్న డిజిటల్ టేపు మిషన్. ఎంత మెల్లని శబ్దమైనా ఉన్నది ఉన్నట్టు పడుతుంది. బరువెక్కువ, బ్యాటరీలను తింటుంది, తేమ అంటే భయం. చిన్నాయన రెండు మినీడిస్కులు కావాలన్నాడు, ఈ వాలున ఒకటి, ఆ వాలున ఒకటి. నేను ఒకే ఒక్క డాట్ అన్నాను. "రెండు చెవులుండంగా ఒకటి చాలంటావేమిరా?" "రెండు చెవిటి చెవులకన్నా ఒకటి సరైనది మేలు చిన్నాయనా." బస్సులో అత్తిబెలె దాకా వాదించుకున్నాం. అక్కడ ఆయన నిద్రపోయాడు, అది ఒప్పుకున్నట్టు లెక్క.

ఒక స్టూడియో నుంచి డాట్‌ను అద్దెకు తెచ్చాం. పొడుగాటి మైకుకు గాలి తగలకుండా బొచ్చు తొడుగు కావాలి. దొరికినది నచ్చలేదు. పిన్నమ్మ షాపులో ఫొటోలకు వాడే ఎలుగుబంటి బొమ్మను కోసి, దాని చర్మంతో తొడుగు కుట్టింది. తేమ కోసం నేను మిషన్‌ను బిస్కెట్ల డబ్బాలో పెట్టి, పక్కన గుడ్డలో బియ్యం మూట కట్టి ఉంచాను. రాగి కోతల కాలం, మంచు దట్టంగా పడే రోజులు. నా కాగితంలో ప్రతి గడిలోనూ ఏదో ఒక గుర్తు ఉంది, ఖాళీ లేదు.

పిన్నమ్మ అక్క ఇంట్లో దిగాం. నాకు పెద్దమ్మ, చిన్నాయనకు వదిన. సినిమాలో పిలిచేది ఆమే. పెదనాయన ఎదుటి వాలు మీద రాగి కోస్తుంటాడు, సంగటి దించగానే ఆమె పిలుస్తుంది. ఆ వైపు ఆడవాళ్ళు భర్త పేరు పలకరు. అందుకని ఆమె ఎద్దు పేరుతో పిలిచేది, "ఓ మైలా" అని. చిన్నాయన ఆటపట్టించాడు. "మరి ఎద్దు రాదా వదినా?" "దానికి తెలుసప్పా, తనను కాదని. నీ తోడల్లుడికన్నా దానికి తెలివి జాస్తి."

పొద్దున లేచి చూస్తే నా బిస్కెట్ల డబ్బా పెట్టిన చోట లేదు. మిషన్ వంటింట్లో, పొయ్యి పక్కన, ఉడుకుతున్న సంగటి కుండకు మూరెడు దూరంలో, మడిచిన తువాలు మీద కూర్చుని ఉంది. పెద్దమ్మ చెప్పింది, "రాత్రి తాకి చూసినా, ఐసు మాదిరి ఉండె పాపం. మీకు కంబళ్ళు ఇచ్చినాము, దానికేమి ఇచ్చినాము? పొయ్యి కాడ కొంచెం ఎచ్చగా ఉంటాదని." చల్లటి ఇనుము మీద ఆవిరి తగిలితే ఏమవుతుందో నాకు తెలుసు. స్విచ్ వేశాను. తేమ గుర్తు ఎర్రగా వెలిగింది. అది వెలుగుతున్నంతసేపు మిషన్ టేపును ముట్టుకోదు. చిన్నాయన వాకిట్లో తిరుగుతూ అడిగాడు, "ఎంతసేపు?" "ఆరేదాకా." "అదే, ఎంతసేపు?" "ఆరేదాకా చిన్నాయనా." మూత తెరిచి ఎండ పొడలో పెట్టాను. మంచులో ఎండ కూడా తడిగానే ఉంది. ఆయన కెమెరాను మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టాడు, తీశాడు, ఇంకో చోట నిలబెట్టాడు. సంగటి ఎవరికోసమూ ఆగదు. పెద్దమ్మ చేతులు కడుక్కుని గట్టు మీదికొచ్చి, గడ్డం కింద ఒక చెయ్యి పెట్టుకుని పిలిచింది. అది అరుపు కాదు. పాటా కాదు. తీగలాగా సాగి, వంక మీదుగా వెళ్ళి, అవతల ఆనింది. కాసేపటికి అక్కడి నుంచి "ఓ" అని చిన్న జవాబు. కోసిన రాగి మధ్య నుంచి పెదనాయన తలపాగా వంకలోకి దిగి కనపడకుండా పోయింది. నా మిషన్ ఎర్ర గుర్తుతో నన్ను చూస్తోంది.

"వదినా, ఇంకొక్క తూరి" అన్నాడు చిన్నాయన. ఆమె తల అడ్డంగా ఊపింది. "రెండు తూర్లు పిలిచేది లేదు మరిదీ. పిలిచింది పిలిచినట్టే." లోపలికి వెళ్ళిపోయింది. కెమెరా అంటే సిగ్గుపడుతోందని మేము అనుకున్నాం. ఇంకొంచెంసేపటికి ఎర్ర గుర్తు ఆరిపోయింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. చదువుకున్న పద్ధతి ప్రకారం ముందు లెవెల్ చూసుకోవాలి, అంటే అసలు శబ్దం ఎంత గట్టిగా వస్తుందో అంత శబ్దం ఒకసారి చేయించి ముల్లు సరిచేసుకోవాలి. మైకు వంక వైపు తిప్పి, టేపు నడిపించి, "చిన్నాయనా, పెద్దమ్మ మాదిరే ఒకసారి పిలువు, లెవెల్ చూసుకుంటాను" అన్నాను. పొద్దుటినుంచి చెయ్యడానికి పని లేక కాళ్ళు కాలిన పిల్లిలా తిరుగుతున్న మనిషి. పెళ్ళి మేళాలను దాటించే గొంతంతా తీసి పిలిచాడు, "ఓ మైలా" అని.

ముందు ఏమీ లేదు. తరువాత హెడ్‌ఫోనులో, పై చేలో ఎక్కడో, "ఏమాయె?" అని ఒక ఆడగొంతు. ఆ ప్రశ్నే కుడి వైపు నుంచి ఇంకొకరు. వంక అవతల మరొకరు. ప్రశ్న వాలు నుంచి వాలుకు పాకింది. తగరపు డబ్బా ఎవరో కొట్టారు, ఇంకో డబ్బా అందుకుంది. కుక్కలు. కోసిన రాగి మోళ్ళ మీద పరుగెత్తే పాదాలు, ఎండుమోళ్ళు విరిగే చప్పుడు. ప్రతి గొంతూ ఎంత దూరంలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పవచ్చు. అంత స్వచ్ఛమైన శబ్దం నేను అంతకుముందు వినలేదు, తరువాతా వినలేదు. పెద్దమ్మ పిండి చేతులతో బయటికి పరుగెత్తుకొచ్చి చిన్నాయనను చూసింది. "ఎంత పని చేస్తివప్పా."

పిలిచిన మనిషి ఇల్లు చేరకముందే అదే పేరును రెండోసారి పిలిస్తే ఆ పల్లెలో దానికి ఒకటే అర్థం. రాగి పండే కాలంలో ఏనుగులు వంకలోకి దిగుతాయి. రెండో పిలుపు వినపడితే ఎవరి చేలో వాళ్ళు పని వదిలేసి, ఆ పేరుతో పిలిచే మనిషి వైపు పరుగెత్తాలి. పెదనాయన వంకలో ఉన్నాడని అందరికీ తెలుసు. కొడవళ్ళతో, డబ్బాలతో, కాగడా కట్టెలతో పల్లె మొత్తం గట్టు మీదికి వచ్చింది. ఒకామె మోకాలు చీరుకుపోయింది. వాళ్ళ వెనక, ఇంటికి ఏమయిందో అని రొప్పుతూ పెదనాయన వచ్చాడు.

తిట్టారు. తిట్టడం అయిపోయాక ఊరి పెద్దాయన ఒకరు మిషన్ వైపు చూపించి, అందులో పడిందా అని అడిగాడు. పడిందన్నాను. "తుడిచెయ్యి" అన్నాడు. చిన్నాయన చేతులు పట్టుకున్నాడు. తప్పయిందన్నాడు, ఇంత మంచిది మళ్ళీ దొరకదన్నాడు, బెంగళూరు వాళ్ళ మాట చెప్పాడు. పెద్దాయన కోపంగా లేడు. "నీ సినిమా ఈడ అందరూ చూస్తారు గదప్పా. రేపు నిజంగా ఏనుగు దిగినప్పుడు పిలిస్తే, టీవీలోదేమో అని ఒక్కడు కూసోని ఉంటే సాలు. ఆ ఒక్కడి కోసం ఎవురిని పోగొట్టుకుందాము?"

చిన్నాయన గట్టు పక్కన రాగి నూర్చే కళ్ళం చుట్టూ తిరిగాడు. వాళ్ళెవరికీ ఆ మిషన్ గురించి తెలియదు. తుడిచేశామని చెబితే చాలు, నమ్ముతారు. ఆయన మనసులో ఆ మాట వచ్చిందని నాకు తెలుసు, నా మనసులోనూ వచ్చింది గనక. చివరికి ఆయన నా చెవుల మీద నుంచి హెడ్‌ఫోన్ తీసి పెదనాయనకు పెట్టాడు. "ఒక తూరి విను అన్నా. తరువాత నువ్వెట్లంటే అట్లే." నేను టేపు వెనక్కి తిప్పి వినిపించాను. పెదనాయన వంగి, నేల చూస్తూ విన్నాడు. తనను వెతుక్కుంటూ తన వైపు పరుగెత్తే ఊరిని మొత్తం విన్నాడు. హెడ్‌ఫోన్ తీసి ఇచ్చేటప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు. "ఇంతమందా" అన్నాడు. తరువాత, "తుడిచెయ్యప్పా. ఇది మాకు మళ్ళా కావాల్సి ఉంటాది" అన్నాడు.

మర్నాడు పెద్దమ్మ అన్నానికి పిలిచిన నిజమైన పిలుపూ, ఆ ఒక్క "ఓ" జవాబూ మిషన్‌లో శుభ్రంగా పడ్డాయి. బెంగళూరు ఆయన ఆ సినిమా తీసుకున్నాడు, ఒక మధ్యాహ్నం వేశారు. చిన్నాయన తరువాత ఇంకొన్ని తీశాడు. వాటి మధ్యలో పెళ్ళిళ్ళూ తీశాడు. ఆ పరుగుల సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నాకు గుర్తుండేది తుడిచిన వేళ. ఆ మిషన్‌లో చెరపడానికి బటన్ లేదు. పాతదాని మీద కొత్తది పడితేనే పాతది పోతుంది, పాతది ఎంతసేపుంటే అంతసేపూ పట్టాలి. ఆ సంగతి చెబితే వాళ్ళెవరూ వెళ్ళిపోలేదు. చేలకు తిరిగి పోవలసినవాళ్ళు కొడవళ్ళు పక్కన పెట్టి కళ్ళంలోనే కూర్చున్నారు. నేను టేపు మొదటికి తిప్పి నడిపించాను. ఎవరూ మాట్లాడలేదు. ఎవరో దగ్గారు, కోళ్ళు గెలికాయి, ఎద్దు మెడ విదిలించింది. చిన్నాయన ఆ కాసేపు నేల మీద, కదలకుండా కూర్చున్నాడు. ముల్లు దాదాపు కదలనే లేదు. జరిగిపోయిన కాలాన్ని చెరపాలన్నా మళ్ళీ అంత కాలమూ కూర్చోక తప్పదని, అట్లా కూర్చున్న కాలం మాత్రం చెరగకుండా మిగిలిపోతుందని, నాకు ఆ రోజు తెలియదు.