వరండాలో సిక్ పెరేడ్

మిలిటరీలో డాక్టరుగా ఉన్న ఏడేళ్లలో నేను బాగా నేర్చుకున్న విద్య ఒక్కటే. ఎదుటివాడు చెప్పే నొప్పి నిజమా, నాటకమా అని తేల్చడం. రోజూ పొద్దున్నే సిక్ పెరేడ్ ఉండేది. ఒంట్లో బాగాలేదన్న జవాన్లు వరసగా నిలబడితే, ఎవరిని పడుకోబెట్టాలో, ఎవరిని మందిచ్చి డ్యూటీకి తరమాలో నేను చెప్పాలి. సగం మంది డ్రిల్లు ఎగ్గొట్టడానికి వచ్చినవాళ్లే. ముఖం చూసి పట్టేసేవాణ్ని.

అరవైల మొదట్లో ఆ ఉద్యోగం వదిలి జగ్గయ్యపేటలో ప్రాక్టీసు పెట్టాక నా విద్య కాస్తా తలకిందులైంది. మిరపకోతలకెళ్లే ఆడవాళ్లు ఒళ్లు కాలిపోయే జ్వరంతో వచ్చి, "నాకేం లేదండి, పిల్లకి దగ్గుమందియ్యండి చాలు" అనేవాళ్లు. ఇక సాయంత్రాలు హైస్కూలు మైదానంలో నేను ఫుట్‌బాల్ నేర్పే జట్టు సంగతి సరేసరి. ఇద్దరు టీచర్లు, ఒక దర్జీ, సమితి ఆఫీసు గుమాస్తా, మిగతా అంతా పొలం పనులకెళ్లేవాళ్లు. చీలమండ బూరెలా ఉబ్బినా "బానే ఉంది సార్" అంటూ పరిగెత్తేవాళ్లు, ఎక్కడ పక్కన కూర్చోబెడతానో అని. అక్కడేమో లేని నొప్పి ఉందనేవాళ్లు, ఇక్కడేమో ఉన్న నొప్పి లేదనేవాళ్లు. ఎవరిని నమ్మాలో నాకు పాలుపోయేది కాదు.

ఇంట్లోనూ పెరేడ్ పెట్టాను. పొద్దున ఏడింటికి మా అమ్మ, నా భార్య, ఇద్దరు ఆడపిల్లలు వరండాలో వరసగా నిలబడాలి. "ఎవరికేం బాగాలేదు?" అని గొంతు పెంచి అడిగేవాణ్ని. అమ్మ మోకాళ్ల గురించి మొదలెట్టేది. పెద్దమ్మాయికి లెక్కల పరీక్ష ఉన్న రోజున కడుపునొప్పి వచ్చేది. నా భార్య మాత్రం నాకోసం తెచ్చిన కాఫీ గ్లాసు పట్టుకుని, "నాకేంటండీ, గుండ్రాయిలా ఉన్నా" అనేది. "డ్యూటీ!" అని నేను అరిస్తే పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. ఇంటిని ఇంతగా కనిపెట్టుకునే డాక్టరు జిల్లాలో ఇంకొకడు లేడని నాకు లోలోపల గర్వం.

నందిగామ జట్టుతో మ్యాచ్ శనివారం పెట్టుకున్నాం. ఆదివారమైతే మావాళ్లలో సగం మంది చర్చికి పోవాలి. రెండ్రోజుల ముందు నా భార్య అన్నం వడ్డిస్తూ, "శనివారం నేనూ వస్తా. నందిగామలో మా పిన్నిని చూసి చాన్నాళ్లయింది" అంది. సరే రమ్మన్నాను. ఆరోజు అందరం ఒకే బస్సులో వెళ్లాం. దిగేటప్పుడు ఆవిడ కమ్మీ పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. చూశాను. ఎండ తగిలి ఉంటుందనుకున్నాను. ఆవిడ పిన్నిగారింటి వైపు, మేం మైదానం వైపు నడిచాం.

ఆట మొదలవకముందే మా సెంటర్ ఫార్వర్డ్ నడక చూసి పట్టేశాను. అతను లెక్కల టీచరు. ఎడమ మోకాలు.

"లేద్సార్, ఒట్టు! ఏం నొప్పి లేదు."

"నాకా చెబుతున్నావ్?" అని వేలితో నొక్కగానే కెవ్వుమన్నాడు. బతిమాలినా వినకుండా కూర్చోబెట్టాను. ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. జట్టంతా నామీద గుర్రుగా ఉన్నా, ఒక మోకాలు కాపాడానన్న ధీమాతోనే నా భార్యను తీసుకురావడానికి పిన్నిగారింటికి వెళ్లాను.

"అమ్మాయా? రాలేదే అల్లుడుగారూ! మీరొస్తున్నట్టు కబురన్నా లేదు" అంది ఆవిడ కంగారుగా.

బస్సు దిగి మూడు గంటలైంది. మైదానానికి వచ్చి నాకు కనబడలేదా? కోపమొచ్చి వెనక్కి వెళ్లిపోయిందా? కోపమెందుకు, నేనేమన్నాను? ఒకదానికొకటి అతకని ఆలోచనలతో బజారంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చివరికి బస్టాండు వెనక, ఒక లేడీ డాక్టరు గారి ఆసుపత్రి గేటులోంచి నా భార్య బయటికొస్తూ కనిపించింది. కొంగు చాటున మందుసీసా ఉంది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఎవరికి బాగాలేదు?" అన్నాను.

"నాకే" అంది.

చేతిలో చీటీ లాక్కుని చదివాను. నాలుగు నెలలుగా అధిక రక్తస్రావం. ఒంట్లో రక్తం బాగా తక్కువ. ఇంకా ఆలస్యమైతే ప్రమాదమని రాసి కింద గీత కూడా గీసింది ఆ డాక్టరు. నమ్మలేక, నడిరోడ్డు మీదే ఆవిడ కింది రెప్ప లాగి చూశాను. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మా ఊళ్లో నేను రెప్ప లాగి చూడనివాడు లేడు. ఇంట్లో ఈ ఒక్క మనిషినీ ఎందుకు చూడలేదో నాకే అర్థం కాలేదు.

కోపమొచ్చింది. ఎవరిమీదో తెలియలేదు. "రోజూ అడుగుతూనే ఉన్నాగా! ఒక్కనాడన్నా చెప్పావా?"

"అడిగారు. అత్తయ్యనీ పిల్లల్నీ పక్కన నిలబెట్టి అడిగారు. ఏమని చెప్పమంటారు?"

తిరుగు బస్సెక్కాం. బస్సులో వెనక సీట్లలో మావాళ్లు ఓడిన ఆటనే మళ్లీ మళ్లీ ఆడుతున్నారు. ముందు సీట్లో మేమిద్దరం. నందిగామ దాటాక, "నేనెవరో ఆ డాక్టరుకి చెప్పావా?" అని అడిగాను.

"మీ ఆయనేం చేస్తారంది. బంతాట నేర్పుతారన్నా."

"డాక్టరని చెప్పలేదా?"

"ఎట్టా చెప్తానండీ? డాక్టరు పెళ్లాం ఇంతదాకా ఎందుకు తెచ్చుకుందని అడుగుద్ది. అప్పుడు మీ పరువేం గాను?"

నా పరువు కాపాడిందో, నన్ను దెప్పిందో తెలియలేదు. ముఖంలోకి చూశాను. ఆ ముఖం చదవడం నాకు చేతకాలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాటని ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

మర్నాడు ఏడింటికి అమ్మ, పిల్లలు అలవాటు ప్రకారం వరండాలోకి వచ్చారు. ఆవిడ కూడా కాఫీ గ్లాసుతో వచ్చి తన చోట నిలబడింది. "ఇవాళ పెరేడ్ లేదు" అన్నాను. "మరి డ్యూటీ?" అంది చిన్నమ్మాయి దిగులుగా. ఆవిడ చేతిలో గ్లాసు తీసుకుని గదిలోకి నడిచాను. ఆవిడ నా వెనకే వచ్చింది. తలుపు దగ్గరగా వేశాను.

"ఎట్టా ఉంది నీకు?" అని అడిగాను.

ఆవిడ గోడకి ఆనుకుని నావైపు చూసింది.

"ఎక్కణ్ణుంచి మొదలెట్టనండీ?" అంది.

బయట మొదటి పేషెంటు దగ్గు వినిపిస్తోంది. నేను వెళ్లి మంచం మీద కూర్చున్నాను.