పద్నాలుగో గాడి

విమానాల ఇంజన్లు విప్పి బాగుచేసే ఆ వర్క్‌షాపులో అందరూ ఆమెను తూకం అక్క అనేవారు. అరచేతిలో ఇమిడే టర్బైన్ రెక్కలను ఒక్కొక్కటిగా తూచి, చక్రం అంచున ఏ గాడిలో ఏది కూర్చోవాలో రాసి, తన చేత్తోనే అమర్చేది. బరువైన రెక్కకు ఎదురుగా అంతే బరువున్న రెక్క ఉండాలి. లేకపోతే నిమిషానికి వేల చుట్లు తిరిగే చక్రం వణుకుతుంది.

మొదట ఆమె అక్కడ ఊడ్చే పనిలో చేరింది. భర్తకు ఓడలో ఉద్యోగం. ఇంట్లో అత్తగారూ తానూ. నేల తుడుస్తూనే ఫోర్‌మన్‌ను ప్రశ్నలతో చంపుకుతినేది. ఆయన విసిగి తన పాత నోటుపుస్తకాలు చేతిలో పెట్టి మెకానిక్ పరీక్షకు కట్టమన్నాడు. రెండుసార్లు తప్పింది.

మూడోసారి అత్తగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం ఒప్పజెప్పింది. ముందువైపు కంప్రెసర్ చక్రాల రెక్కలు గాలిని వెనక్కి తోస్తాయి. ఒక్కో చక్రం తర్వాత కదలని రెక్కల వరస ఆ గాలిని సరిచేసి వెనక చక్రానికి అందిస్తుంది. దారి ఇరుకయ్యేకొద్దీ గాలి ఒత్తుకుపోతుంది. అందులో ఇంధనం మండుతుంది. ఆ వేడిగాలి వెనకున్న టర్బైన్‌ను తిప్పుతుంది. ఒకే ఇరుసు కాబట్టి కంప్రెసరూ తిరుగుతుంది. టర్బైన్ దాటిన గాలి వెనక్కి తన్నుకుపోతే విమానం ముందుకు పోతుంది.

అత్తగారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఇది తిరిగితేనే అది తిరుగుతుంది, అది తిరిగితేనే ఇది. మరి మొట్టమొదట ఎవరు తిప్పుతారే?"

కోడలు ఆ ప్రశ్నను నోటుపుస్తకం అంచున రాసుకుంది. మర్నాడు ఫోర్‌మన్‌ను అడిగితే, మొదట తిప్పడానికి వేరే చిన్న యంత్రం ఉంటుందనీ, మంట అందుకున్నాక అది తప్పుకుంటుందనీ చెప్పాడు. ఆసారి పరీక్ష గట్టెక్కి, రెక్కలు తూచే పనిలోకి మారింది.

నాలుగేళ్లు గడిచాయి. ఒకరోజు పొద్దున్న బస్సులో కూర్చున్న ఆమెకు ఉన్నట్టుండి ఒక అనుమానం తగిలింది. ముందురోజు రెండు చేతుల్లో రెండు రెక్కలుండగా ఫోన్ మోగింది. అత్తగారు స్నానాలగదిలో జారిపడ్డారు. ఆ కంగారులో రెండింటినీ గాడుల్లోకి నెట్టి ఇంటికి పరుగెత్తింది. అదృష్టం బాగుండి మడమ బెణికిందంతే. కానీ ఏ చేతిలోది ఏ గాడికి పోయిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఈపాటికి రాత్రి షిఫ్టువాళ్లు ఇంజన్ మూసేసి ఉంటారు.

తిన్నగా ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లింది. "సార్, టర్బైన్ మళ్లీ విప్పాలి. పద్నాలుగో గాడిలోదీ నలభై ఒకటోదీ తారుమారు చేశాననుకుంటా."

"అనుకుంటావా, ఖాయమా?"

"ఖాయమని చెప్పలేను. అందుకే విప్పమంటున్నా."

రేపే ఇంజన్ తిప్పి చూసే టెస్టు. విప్పి బిగించాలంటే రెండు రోజులు. విమానం కంపెనీవాళ్లు తన ప్రాణం తోడేస్తారని ఫోర్‌మన్ గొణిగాడు. ఉద్యోగం పోయినట్టేననుకుంది ఆమె. ఆయన చొక్కా చేతులు మడిచి స్పానర్ అందుకున్నాడు.

రెక్కలు నిజంగానే తారుమారయ్యాయి. మూడు గ్రాముల తేడా.

టెస్టులో ఎలాగూ బయటపడేదేగా అని ఎవరో అన్నారు. ఫోర్‌మన్ ఒప్పుకోలేదు. "టెస్టు పట్టుకునేదాకా తను ఆగలేదు చూడు, అది కావాలి మనకి." రెక్కలు అమర్చేటప్పుడు పక్కన ఇంకొకరు నిలబడి అంకెలు పైకి చదవాలన్న ఆమె సలహాను ఆ వారమే అమల్లో పెట్టాడు.

టెస్టు రోజు ఆమెను గాజుగోడ వెనక నిలబెట్టాడు. ఇంజన్ మొదట సన్నగా ఈల వేసింది, తర్వాత గది అదిరేలా గర్జించింది. వణుకు చూపే ముల్లు మాత్రం సున్నా దగ్గరే తచ్చాడింది. ఆమెకు ఒక్కసారిగా ఆకలి తెలిసింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆ మధ్యాహ్నం కడుపునిండా తింది.