కొబ్బరి రాశికి అవతల

2004లో నాకు మలికిపురంలో రేడియోలు, టీవీలు బాగుచేసే షాపు ఉండేది. ఇంటికొకరు గల్ఫులో ఉండే ప్రాంతం మాది. సెలవు మీద వచ్చినవాళ్ళు తెచ్చిన వస్తువులన్నీ చివరికి నా బల్ల మీదికే చేరేవి. బిల్లు ఉండదు, సర్వీసు ఉండదు, పుస్తకం తెరిస్తే సగం అరబ్బీ. అయినా ఫారిన్ వస్తువంటే జనానికి నమ్మకం, విప్పి చూడటమంటే నాకు సరదా. నాకు రాని పని లేదనుకునే వయసు అది.

ఆ ఎండాకాలంలో వీరవేణి గారు ఒక బేబీ మానిటర్ పట్టుకొచ్చారు. పసిపిల్లలున్న గదిలో ఒక పెట్టె పెడితే, అక్కడి చప్పుడు తల్లి దగ్గరున్న రెండో పెట్టెలో, అంటే రిసీవర్‌లో వినిపిస్తుంది. ఆవిడ ఇంట్లో పసిపిల్లలు లేరు. భర్త ఏడుకొండలు గారు కొబ్బరికాయలు దింపుతూ చెట్టు మీంచి పడి, నడుము కింద చచ్చుబడి మంచాన ఉన్నారు. ఇంటి వెనక పెద్ద రేకుల షెడ్డు, దాని అవతల కాయలు ఒలిచే దొడ్డి. నలుగురు మనుషుల్ని పెట్టుకుని ఆ కాయల వ్యాపారం ఆవిడే నడిపేవారు. ఆయన పిలిస్తే దొడ్డిలోకి వినబడదు. అది చూసి కువైట్‌లో పనిచేసే ఆవిడ తమ్ముడు ఈ పెట్టెలు తెచ్చిచ్చి వెళ్ళాడు.

“బానే వినబడతందండి. కానీ లారీ వచ్చి అడ్డంగా ఆగితే చాలు, ఒకటే కూత. ఒలుపోళ్ళు నవ్వుతున్నారండి. అది కాస్త ఆపేయండి,” అన్నారావిడ.

అది బజర్. రెండు పెట్టెల మధ్య లింకు తెగినప్పుడు కూసేది అదే. అసలు రేంజ్, అంటే తరంగాలు అందే దూరం, పెంచే దారేమైనా ఉందేమోనని పుస్తకం మీదున్న నంబరుకి బూత్ నుంచి ఫోన్ చేశాను. ‘కొన్న దేశంలోనే సర్వీసు’ అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశారు. ఉత్తరం రాస్తే జవాబు లేదు. సర్క్యూట్ బొమ్మ చేతిలో లేకుండా లోపల కెలికితే ఉన్నదీ పోతుంది.

వాళ్ళింటికి వెళ్ళి చూశాను. షెడ్డు ఖాళీగా ఉంది. మంచం మీద ఆయన దగ్గితే దొడ్డిలో స్పష్టంగా వినిపించింది. లారీ ఎప్పుడో వస్తుంది, కాసేపుండి పోతుంది, దానికింత గొడవెందుకనుకుని బజర్ తీగ కత్తిరించేశాను. ఆ కూత ఎందుకు పెట్టారో ఆవిడకి విడమరిచి చెప్పలేదు. “ఎర్ర లైటు వెలిగితే కాస్త పక్కకి జరిగి నిలబడండమ్మా,” అన్నాను.

“ఆయ్, అలాగేనండి,” అని రిసీవర్ని నడుం దగ్గర చెంగులో దోపుకున్నారు. చెంగులో ఉన్న లైటు ఎవరికి కనబడుతుంది? ఆ ఆలోచన నాకప్పుడు రాలేదు.

రెండు నెలల తర్వాత ఆవిడ ఆ పెట్టెలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ముందు రోజు ఆయన మంచినీళ్ళ చెంబు అందుకోబోయి మంచం మీంచి పడ్డారట. ఆవిడ అన్నానికి వచ్చేదాకా, రెండు గంటల సేపు నేల మీదే ఉన్నారు. ఒంటినిండా చీమలు.

“నాకు వినబళ్ళేదంటే నమ్మట్లేదండి. ‘దగ్గితేనే వచ్చేదానివి, నిన్న అంత అరిచినా రాలేదు. నేనంటే విసుగొచ్చేసింది నీకు’ అన్నారు. అంతేనండి, ఇంక మాటాడ్డం మానేసేరు,” అన్నారు. ఏడవలేదు. ఏడిస్తేనే బాగుండేది.

విప్పి చూస్తే రెండు పెట్టెలూ బాగానే ఉన్నాయి. ఆవిడతో వెళ్ళాక అర్థమైంది. ధర పడిపోయిందని కాయలు అమ్మకుండా షెడ్డులో పోయించారు. రేకుల దాకా పచ్చికాయల రాశి. రిసీవర్ పట్టుకుని దాని చుట్టూ నడిచాను. ఇంటి వైపు ఉన్నంతసేపూ పచ్చ లైటు, అవతలికి వెళ్ళగానే ఎరుపు. కాయల నిండా నీళ్ళు, ఈ రకం తరంగాలను నీళ్ళు మింగేస్తాయి. కొబ్బరికాయల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, ఖాళీ షెడ్డులో పరీక్ష చేసి సరేనన్నాను. బజర్ ఉండుంటే రాశి పోసిన రోజే కూసేది.

“ఏవైందండీ?” అని అడిగారు.

“కంపెనీ వస్తువే అంతమ్మా. మనకి పనికొచ్చేది కాదు,” అన్నాను.

కంపెనీ పట్టించుకోలేదన్నది నిజమే. తీగ కత్తిరించింది మాత్రం కంపెనీ కాదు. ఆ మాట బయటపెడితే ఊళ్ళో నా పేరేమవుతుందోనని భయపడ్డాను.

నాలుగు నెలలు గడిచాయి. ఆ దొడ్డిలో కాయలు ఒలిచిన మనిషి ఒకాయన రేడియో బాగుచేయించుకోడానికి వచ్చి మాటల్లో చెప్పాడు. “ఆవిడ కాయల కొట్టు ఇంకోళ్ళకి ఇచ్చేసేరండి. పొద్దస్తమానం మంచం పక్కనే కూర్చుంటన్నారు. అయినా ఆయన దాహవేస్తే పక్కింటోళ్ళని కేకేస్తారు గానీ, ఈవిణ్ణి అడగరండి.”

ఆ మాట విన్నాక చేతిలో పని సాగలేదు. షాపు మూసి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన బాగా చిక్కిపోయారు. ఆవిడ నాకు కుర్చీ వేసి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

“ఆ రోజు మీ కేక ఆవిడకి చేరలేదండి. మధ్యలో కాయల రాశి అడ్డవొచ్చింది. చేరనప్పుడు పెట్టె కూసి చెప్తది, ఆ కూతకో తీగ ఉంటది. దాన్ని నేనే కత్తిరించేను. అదెందుకో ఆవిడకి చెప్పలేదు. తప్పు నాదండి.”

ఆయన పైకప్పు వైపే చూస్తూ అడిగారు.

“ఈ మాట చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టిందాండీ?”

తర్వాత ఆయన గుమ్మం వైపు చూడకుండానే, “వేణీ, కాసిన్ని మంచినీళ్ళు,” అన్నారు. ఆవిడ గ్లాసు తెచ్చి, ఆయన తల ఎత్తి పట్టుకుని తాగించారు. నా వైపు చూడలేదు. నేను లేచి వచ్చేశాను. వెనక షెడ్డుకి ఎవరిదో తాళం వేసి ఉంది.

ఆ తర్వాత ఎవరైనా ఏదైనా కూత ఆపమంటే, అదెందుకు కూస్తోందో వాళ్ళకి చెప్పకుండా తీగ ముట్టుకోలేదు. ఖాళీగా ఉన్నప్పుడు పరీక్ష చేసినది, సామాను నిండాక మళ్ళీ వెళ్ళి చూసేవాణ్ణి. పనిలో దిద్దుకోగలిగింది అంతవరకే. తప్పు ఒప్పుకోడానికి నేను తీసుకున్న నాలుగు నెలలూ ఆవిడ ఆ మంచం పక్కనే కూర్చుని, ఒక్క పిలుపు కోసం చూస్తూ ఉన్నారు.