పెరుగు మీద మోపిన నేరం

మొన్న ఆదివారం మధ్యాహ్నం, మా నాలుగేళ్ళ చిన్నోడు అన్నం తింటూ తింటూ కింది పెదవిని పళ్ళతో గీరుకోవడం మొదలుపెట్టాడు. "మా, నోట్లో చీమలు" అన్నాడు. వాడి అక్క పకపకా నవ్వింది. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. పెదవి ఒక పక్క ఉబ్బి ఉంది.

కంచంలో ఉన్నవి రొయ్యలు. మా ఆయన పని మీద గూడూరు వెళ్ళి తెచ్చారు. అత్తమ్మ వాటిని చేపల చట్టిలో వండింది. ఆవిడది పలమనేరు, ఆవులున్న ఇల్లు. నీసుకి వేరే చట్టి, వేరే గరిటె. తిరుపతిలో మా అద్దె ఇంటికి పెరడు లేదు కాబట్టి అవి బాల్కనీలో బోర్లించి ఉంటాయి. నీసు తిన్న పూట పెరుగు ముట్టకూడదు. ఎందుకని అడిగితే, "ఒంటికి పడదు, మచ్చలొస్తాయి" అంటుంది.

పోయిన నెలా ఇలాగే రొయ్యలు తిన్న రోజు వాడి మెడ మీద దద్దుర్లు లేచాయి. ఆ పూట పెరుగన్నం కావాలని మారాం చేస్తే నేనే చాటుగా పెట్టాను.

"సూడు, నా మాట ఇంటివా? సదువుకున్నోళ్ళకి అన్నీ ఒకటే" అని సంగతి తెలిశాక అత్తమ్మ దెప్పింది. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అందుకే ఈసారి పెరుగు గిన్నె ఫ్రిజ్‌లోంచి తీయలేదు. ఆ ధీమాతో వాడికి రెండు ముద్దలు ఎక్కువే పెట్టాను.

ఆసుపత్రికి చేరేసరికి వాడి గొంతు బొంగురుపోయింది. డాక్టరమ్మ వెంటనే ఇంజెక్షన్ ఇచ్చింది. ఇంతకు ముందు ఎప్పుడైనా ఇలా అయిందా అని అడిగితే, దద్దుర్ల సంగతీ పెరుగు సంగతీ చెప్పాను.

"పెరుగు రోజూ తింటాడా?"

"తింటాడు."

"మరి రోజూ దద్దుర్లు వస్తాయా?"

"రావు" అన్నాను. రెండుసార్లూ వాడి కంచంలో ఉన్నవి రొయ్యలే.

వాపు తగ్గాక మరునాడు సాయంత్రం ఇంటికి పంపారు. రాత్రంతా వాడి ఊపిరి వింటూ పడుకున్నాను. అలసటలో ఎక్కడెక్కడివో గుర్తొచ్చాయి. డిగ్రీలో హిస్టరీ చదివేటప్పుడు యూదుల ప్రాచీన ఆహార నియమాల మీద ఒక ప్రశ్న వచ్చింది. రెక్కలూ పొలుసులూ లేని నీటి జీవులు కూడవు, మాంసమూ పాలూ కలపకూడదు. కారణం 'ఆరోగ్యం' అని రాశాను. మేడం దాని పక్కన ఎర్ర సిరాతో 'ఎవరు చెప్పారు?' అని రాసింది. వాళ్ళ గ్రంథంలో పవిత్రంగా ఉండమనే ఉంది గానీ ఆరోగ్యం మాట లేదట. జబ్బులు రాకుండా అని కొందరు, పక్క జనంలో కలిసిపోకుండా అని కొందరు, మేకపిల్లను దాని తల్లి పాలలోనే ఉడికించడం జాలి లేని పని అని కొందరు, కారణాలు తరవాత వెతుక్కున్నారట. మార్కులు తగ్గాయని అప్పుడు నాకు కోపం వచ్చింది.

రొయ్యలకు పొలుసులు లేవు. ఆ నియమం మా ఇంట్లో ఉండి ఉంటే వాడికి ఏమీ అయ్యేది కాదు. కానీ ఆ నియమం పెట్టినవాళ్ళు నా కొడుకును చూసి పెట్టలేదు. అత్తమ్మ నియమం తప్పో ఒప్పో నాకు తెలియదు. దద్దుర్లకు పెరుగే కారణమని చదువుకున్న నేను కూడా నమ్మేసి, రెండోసారి అడగలేదు.

పక్క గదిలోంచి అత్తమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడా నిద్రపోలేదు. "పెరుగే అనుకుంటి గదమ్మా. నా సేతుల్తో నేనే వండిపెడితి" అంది. "నేనూ అదే అనుకున్నా అత్తమ్మా, పడుకోండి" అన్నాను.

పొద్దున పాలు తాగేటప్పుడు పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. "తమ్ముడు ఇంక రొయ్యలు తినకూడదు. ఎవరింట్లో పెట్టినా వద్దనాల" అన్నాను.

"శనివారం మాదిరా మా? స్వామి కోసమా?" అంది పెద్దది.

"స్వామి కోసం కాదు, పెరుగు వల్లా కాదు. రొయ్యలు వాడికి పడవు. తింటే గొంతు వాచిపోయి గాలి ఆడదు. ఊరికే వద్దనొద్దు. ఎందుకు వద్దో కూడా చెప్పండి."