సాక్ష్యంలో వదిలేసిన ఆట

అది ఆగస్టు నెల రెండో ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది కాబట్టి తెలుసు. భవానీపురంలో మా ఇంట్లో చర్చివాళ్ళ గృహకూడిక జరుగుతోంది. పాటలయ్యాయి, బైబిలు వాక్యమయింది. సాక్ష్యాల వేళకు నా మనవరాలు చుట్టచుట్టిన చార్టు పట్టుకుని లేచింది.

ఆ పిల్ల తొమ్మిదో తరగతి. ఫుట్‌బాల్ ఆడుతుంది. మైలవరంలో జిల్లా జట్టుకు ఆడపిల్లల్ని ఎంపిక చేస్తున్నారు. వెళ్ళాలంటే మర్నాటికల్లా కాగితం మీద తండ్రి సంతకం పడాలి. తండ్రంటే నా కొడుకే, ఆటోనగర్‌లో వెల్డరు. వారం రోజులుగా ఆ కాగితం టీవీ కింద అలాగే పడి ఉంది. “మన దేశం ఆడోళ్ళు ఆ ఆటలో ఏం సాధించారో చెప్పు, అప్పుడు చూద్దాం” అన్నాడు. ఎక్కడ చెప్పాలో అనలేదు. నలుగురిలో చెబితే నాన్న కాదనలేడని పిల్ల సాక్ష్యాల వేళ చూసుకుంది.

సాక్ష్యానికి మాలో ఒక పద్ధతుంది. పడ్డ సంగతి ముందు చెప్పాలి, దేవుడు లేపిన సంగతి తరవాత. మేలు మాత్రమే ఏకరువు పెడితే దాన్ని సాక్ష్యమనం, గొప్పలంటాం. ఇంకొకటి, ఒకరు చెబుతుంటే రెండోవాళ్ళు నోరెత్తకూడదు, “స్తోత్రం” అనడానికి తప్ప.

“మా నాన్నమ్మ నాట్లకెళ్ళే రోజుల్లోనే మన అమ్మాయిలు ఆసియా పోటీలో రెండుసార్లు రెండో స్థానం తెచ్చుకున్నారు” అని మొదలుపెట్టింది.

“స్తోత్రం!” అన్నారు సంఘపెద్ద గారు. ఆయనకు ఫుట్‌బాల్‌కూ కబడ్డీకీ తేడా తెలియదు.

“దక్షిణాసియా పోటీ పెట్టిన దగ్గర్నుంచి వరసగా మొదటి ఐదుసార్లూ కప్పు మనదే.”

“స్తోత్రం! హల్లెలూయ!”

“మొన్న థాయిలాండ్ వెళ్ళి, వాళ్ళ ఊళ్ళోనే వాళ్ళని రెండు–ఒకటి తేడాతో ఓడించి, ఆసియా కప్పుకి అర్హత సంపాదించారు.”

ఈసారి పాస్టరమ్మ గారు కూడా చప్పట్లు కొట్టారు. నా కొడుకు మెత్తబడుతున్నాడు, మొహం చూస్తే తెలుస్తోంది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే సంతకం పడేది. నేను ఊరుకోలేదు.

“ఒకటి వదిలేశావే” అన్నాను.

నాకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. కరోనా అప్పుడు బడి మూసేస్తే, ఆడుకోవడానికి ఎవరూ లేక నన్ను కూర్చోబెట్టి టీచరాట ఆడింది. అప్పటికి నాకు అరవై మూడు. అంతవరకూ గన్నవరం అవతల పొలాల్లో వంగి నాట్లేసిన బతుకు నాది. ఉత్తరమైనా నోటీసయినా ఎవరో ఒకరు చదివి పెట్టాల్సిందే. చదివేవాళ్ళు తమకు పనికిరాని ముక్క దాటేస్తే గొంతులో తెలిసిపోతుంది, కొంచెం తొందరపడతారు. పిల్ల గొంతు అలాగే తొందరపడింది.

“మధ్యలో మాట్లాడకూడదు నాన్నమ్మా!”

“మన దేశంలోనే ఆసియా కప్పు జరిగిందిగా, అదేది?”

లేచి నా బైబిల్లోంచి పేపరు ముక్క తీశాను. ఎవరి సాయం లేకుండా మొదటి నుంచి చివరిదాకా నేను చదివిన మొదటి వార్త అది. చదవడానికి పొద్దున్నంతా పట్టింది. ఇరాన్‌తో మొదటి ఆటలో ఎవరికీ గోలు రాలేదు. రెండో ఆట నాటికి మన పిల్లలకు కరోనా తగిలింది, దింపడానికి సరిపడా మనుషుల్లేరు. పోటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. ఆడిన ఆ ఒక్క ఆటనీ లెక్కలోంచి కొట్టేశారు.

నా కొడుకు ముక్క తీసుకుని చదివాడు. “ఎందుకు వదిలేశావ్?” అన్నాడు పిల్లతో.

“చెబితే నువ్వు పంపవని.”

“ఇంకేం వదిలేశావ్?”

పిల్ల చార్టు కింద పెట్టేసింది. నా వైపు చూసిన చూపు చెప్పను. నేల చూస్తూ చెప్పింది. ప్రపంచ కప్పుకి మన ఆడవాళ్ళు ఒక్కసారీ వెళ్ళలేదు. ఒలింపిక్స్‌కీ అంతే. ఐదు కప్పులయ్యాక దక్షిణాసియాలో కూడా వరసగా రెండుసార్లు సెమీఫైనల్లో నేపాల్ చేతిలో ఓడారు.

“స్తోత్రం” అన్నారు సంఘపెద్ద గారు, అలవాటు కొద్దీ.

“ఓడితే స్తోత్రమేంటండీ!” అన్నారు పాస్టరమ్మ గారు. గుమ్మం దగ్గర కూర్చున్న ఎదురింటి కుట్టుమిషనావిడ పకపకా నవ్వింది. ఆవిడ ముస్లిం, ప్రార్థనకు కాదు, మా ఇంటి టీ కోసం వస్తుంది. పిల్ల చొక్కా మీద ఏడో నంబరు కుట్టింది ఆవిడే. పిల్ల నవ్వలేదు.

“అందుకే నాకు భయం” అన్నాడు నా కొడుకు. “వాళ్ళు మధ్యలోనే తప్పుకున్నారని ఈ పేపరు చూసి రెండు రోజులు అన్నం మానేసింది ఇది. అప్పుడు పదేళ్ళది. ఇప్పుడు ఇదే వెళ్ళి ఓడొస్తే?”

ఈ మాట వాడు వారం రోజుల్లో ఒక్కసారీ అనలేదు. ఏం సాధించారో చెప్పమని మాత్రం అడిగాడు. పిల్లేమో వాడు అడిగినదానికే జవాబు వెతికింది.

“ఓడినా అన్నం తింటానని ఇక్కడ అందరి ముందూ చెప్పు” అన్నాడు పిల్లతో.

“తింటాను.”

“తినకపోతే నేను బిర్యానీ తెచ్చి కుక్కుతాలే నోట్లో, పెట్టండి సంతకం” అంది కుట్టుమిషనావిడ.

కోడలు టీవీ కింది కాగితం తెచ్చింది. వాడు పెట్టాడు. పిల్ల మర్నాడు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. మాట్లాడాక కూడా, “నువ్వు ఊరుకున్నా పెట్టేవాడే” అంది. నిజమే కావచ్చు. అడ్డం పడకుండా ఉండాల్సిందేమో అని నాకూ అనిపిస్తుంది. కానీ ఆ సంతకం వాడు సగం విని పెట్టినదయ్యేది.

ఎంపికకు వెళ్ళేముందు పిల్ల ఆ చార్టు మీద వదిలేసినవన్నీ ఎర్ర పెన్నుతో కింద రాసింది. అది చూశాకే ఇది రాయాలనిపించింది. ఎవర్నీ దాటేయకుండా రాస్తున్నాను. ఆ రోజు అక్కడ ఉన్నది పాస్టరమ్మ గారు, సంఘపెద్ద గారు, ఎదురింటి కుట్టుమిషనావిడ, నా కోడలు, నా కొడుకు, నా మీద అలిగిన మనవరాలు, నోరు మూసుకోని నేను.