సమజ్ కాలేదన్న సామేలన్న

ఈ ఎండాకాలం మా ఇంట్లోకి కొత్త రంజన్, మట్టి నీళ్ళకుండ, వచ్చింది. మొదటిసారి నీళ్ళు పోయగానే తడిసిన మట్టి వాసన వరండా అంతా కమ్ముకుంది. ఫ్రిజ్ ఉండగా ఇదెందుకని మా ఆవిడ సణిగింది గానీ, నేను దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చెమ్మగిల్లిన మట్టి మీద చెయ్యి పెట్టేసరికి నల్లగొండలో మా కాలేజీ హాస్టల్ గుర్తొచ్చింది, దాని వెంట సామేలన్న గుర్తొచ్చాడు. ఆయన నాకు పాఠాలు చెప్పిన సారు కాదు, చుట్టమూ కాదు. నాలుగైదేళ్ళు పెద్దవాడైన తోటి విద్యార్థి. అయినా నీ చదువు ఎవరి చలవ అని అడిగితే నా నోట ముందు ఆయన పేరే వస్తుంది.

అరవైలు అప్పుడే మొదలైన రోజులు. మాది కట్టంగూర్ దగ్గరి పల్లె, గొర్ల మందే మా బతుకు. బడిలో తెలుగులో చదివి మంచి మార్కులతో కాలేజీకి వచ్చిపడ్డాను. అక్కడ అంతా ఇంగ్లీషు. ఫిజిక్స్ సారు కోస్తా జిల్లాల నుంచి వచ్చినాయన, చెడ్డవాడేమీ కాదు. ఒకరోజు ధైర్యం చేసి లేచి నాకొచ్చిన మాటల్లో సందేహం అడిగాను. నా మాటతీరుకు క్లాసంతా గొల్లుమంది. సారు కూడా చిన్నగా నవ్వారు. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆయన క్లాసులో నేను నోరు తెరవలేదు. నోట్సు మొత్తం బట్టీ పట్టాను. ఆరు నెలల పరీక్షలో ప్రశ్నను కొంచెం తిప్పి అడిగితే, తిప్పినట్టు కూడా తెలియక, నాకు వచ్చిన జవాబునే మొదటి నుంచి చివరి దాకా రాసి వచ్చాను. తప్పాను. ఏడాది పరీక్ష కూడా తప్పితే హాస్టల్ సీటు పోతుంది, సీటు పోతే నా చదువు అక్కడితో సరి. సెలవులకు ఇంటికి వెళ్ళి చెబితే బాపు కోప్పడలేదు. “పోనీ బిడ్డా, సదువు అంటకపోతే మన మంద యాడికి పోయింది? వచ్చెయ్యి,” అన్నాడు. తిట్టినా బాగుండేది. 

మా హాస్టల్లో ఒక పద్ధతి ఉండేది. ఆరు నెలల పరీక్ష తప్పిన కొత్తవాళ్ళను సీనియర్లు తలా ఒకరిని పంచుకుని గట్టెక్కించాలి. పంపకమని పేరే గానీ, పాసు మార్కులకు దగ్గరగా వచ్చి తప్పినవాళ్ళను పేరున్న సీనియర్లు ముందే ఎగరేసుకుపోయేవారు. వాళ్ళయితే సులువుగా పాసవుతారు, పేరు తమకొస్తుంది. ఆ ఏడు చివరికి నేను మిగిలాను. అటు పక్కన సామేలన్న మిగిలాడు.

ఆయనది చిట్యాల దగ్గరి క్రైస్తవ కూలి కుటుంబం. నిజాం కాలంలో ఉర్దూలో అక్షరాలు దిద్దాడు. ఆ పాలన పోయాక తెలుగులోకి మారాడు. కాలేజీకొచ్చి ఇంగ్లీషులో పడ్డాడు. “నేను ఒకటో తరగతి మూడుసార్లు సదివిన తమ్మీ,” అనేవాడు. ఒక పేపరు తప్పి ఉండిపోయాడు. తప్పినవాళ్ళను క్లాసులో కూర్చోనిచ్చేవారు కాదు. మెస్సు సామాను చూసుకుంటూ హాస్టల్లో ఉండి, పరీక్ష ఒక్కటే రాసేవాడు. అది ఏ పేపరో నేను అడగలేదు. ఇంగ్లీషే అయి ఉంటుందని నాకు నేనే అనుకున్నాను. తప్పినోడికి తప్పినోడు జత కుదిరాడని తోటివాళ్ళు మమ్మల్ని ఆటపట్టించేవారు.

మొదటి రోజు నన్ను మెస్సు ముందున్న రంజన్ దగ్గరికి తీసుకుపోయాడు. “గిండ్ల నీళ్ళు ఎందుకు సల్లగుంటయి? చెప్పు.” నేను నోట్సులోని ఇంగ్లీషు పేరాను ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను.

“సమజ్ కాలె. మా అవ్వకు చెప్పినట్టు జర నిమ్మళంగ చెప్పు.”

“నీళ్ళు ఆవిరైతయన్నా. అందుకే సల్లవడ్తయి.”

“పొయ్యి మీది నీళ్ళు గూడ ఆవిరైతయి. మరి గవి ఎందుకు సల్లవడయి?”

 జవాబేమిటో ఆయన చెప్పలేదు. రాత్రి నిద్ర పట్టక, తెల్లారి లైబ్రరీలో పుస్తకాల మీద పడ్డాను. సాయంత్రం వచ్చి, “ఆవిరి కావాల్నంటె వేడి కావాలె అన్నా. పొయ్యి మీద గా వేడి మంట ఇస్తది. రంజన్ కింద మంటెక్కడిది? బైటికి ఊరి ఆవిరయ్యే నీళ్ళు లోపలి నీళ్ళ వేడిని గుంజుకపోతయి,” అన్నాను. సామేలన్న రంజన్ మీద చెయ్యి వేసి చాలాసేపు ఆలోచించాడు. “హా, గిప్పుడు సమజైంది,” అన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. ఎంత బాగా నటిస్తున్నాడో అనుకుని ముచ్చటపడ్డాను.

అప్పటి నుంచి రోజూ అదే వరస. క్లాసులో విన్నది సాయంత్రం ఆయనకు మా ఊరి మాటల్లో చెప్పాలి. ఎక్కడ తడబడితే అక్కడ ఆయన, “సమజ్ కాలె,” అనేవాడు. ఒక్కోసారి ఒళ్ళు మండేది. అన్నీ తెలిసి ఇంతగా సతాయించాలా అనిపించేది. అయినా చెప్పడం మానలేదు. క్లాసులో మూగబోయిన నేను ఆయన ముందు చేతులు తిప్పుతూ వాదించేవాణ్ణి.

ఏడాది పరీక్ష దగ్గరపడ్డాక కటకాల లెక్క ఒకటి కొరుకుడు పడలేదు. ఎంత కుస్తీ పట్టినా తేలక, “ఇగ నాతోని కాదు. గీ ఒక్కటి నువ్వే చెప్పన్నా,” అన్నాను.

సామేలన్న నావైపు వింతగా చూశాడు. “నాకేం తెల్సు తమ్మీ? గిదొస్తే నేనింకా గీడెందుకుంట?”

“నువ్వు తప్పింది ఏ పేపరన్నా?”

“గిదే. ఫిజిక్సే.”

నాకు కోపం వచ్చింది. వెంటనే భయం పట్టుకుంది. నా బతుకును తీసుకుపోయి ఏమీ రానివాడి చేతిలో పెట్టానా అనుకున్నాను. “మరి గిన్ని దినాలు నాకు చెప్పిందెవరు?” అని గొంతు పెంచాను.

“నువ్వే చెప్పినవు. నేను అడిగిన. సమజ్ కాలేదన్ననాడు నిజంగనే కాలె,” అన్నాడు ఆయన తొణకకుండా. “నాకొచ్చని ఎన్నడన్న చెప్పిన్నా? ఫికర్ జెయ్యకు. గా కటకం ముందల వస్తువు యాడున్నది? గాడికెల్లి మొదలువెట్టు.”

మొదలుపెట్టాను. ఆయన అడుగుతూ పోయాడు, నేను చెబుతూ పోయాను. లెక్క తేలింది.

ఆ ఏడు ఇద్దరం పాసయ్యాం. నేను పైచదువుకు హైదరాబాదు వెళ్ళాను. సామేలన్న అమ్రాబాద్ వైపు ఒక అడవి పల్లెలో బడిపంతులుగా చేరాడు. ఉత్తరాలు రాసుకునే అలవాటు మా ఇద్దరికీ లేదు. ఆయన పోయిన సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఫిజిక్స్ లెక్చరర్‌గానే నేను రిటైరయ్యాను. మంచి సారని పేరు కూడా వచ్చింది. పిల్లల మాటతీరుకు నా క్లాసులో ఎవరినీ నవ్వనివ్వలేదు. సామేలన్న పద్ధతిని నేనూ ఎన్నోసార్లు ప్రయత్నించాను. పిల్లవాణ్ణి లేపి, “నాకు సమజ్ కాలె, నువ్వే జర చెప్పు,” అనేవాణ్ణి. వాడు రెండు ముక్కలు చెప్పి, సరిపోయిందా అన్నట్టు నా మొహంలోకి చూసేవాడు. జవాబు అక్కడ ఉందని వాడికి తెలుసు. ఆయన నాకు చేసిన మేలు నేను ఒక్క విద్యార్థికీ చేయలేకపోయాను. నాకు ఫిజిక్స్ వచ్చు.