ముందు నాన్న, వెనక అమ్మ

అమ్మకి పక్షవాతం వచ్చిన ఏడు మా మామిడితోట విరగబూసింది. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. బెజవాడ ఆస్పత్రిలో గండం గడిచాక, ఎక్సర్‌సైజులు చేయించే డాక్టరుగారు ఇంటికి పంపిస్తూ గట్టిగా చెప్పారు.

"రోజూ నడిపించాలండీ. ఇప్పుడు అశ్రద్ధ చేస్తే ఈ కాలు ఇక ఇంతే."

ఇలా పట్టుకోండి అంటూ నాన్న చేతిని అమ్మ చేతిలో పెట్టారు. అమ్మ ముఖం చూడాలి! పెళ్ళిపీటల మీద కూడా అంత సిగ్గుపడి ఉండదు.

ఆ రోజుల్లో మా ముసునూరు వైపు మొగుడూ పెళ్ళాం పక్కపక్కన నడవడం ఎక్కడిది? మగాయన ముందు, ఆవిడ నాలుగడుగులు వెనక. హనుమాన్ జంక్షన్‌లో అంత జనంలో బస్సు దిగినా అదే వరస.

మంచం మీద కాలు ఎత్తడం, దించడం, గోడ పట్టుకుని నిలబడడం అమ్మ బుద్ధిగానే చేసేది. తోటలో నడుద్దామంటే మాత్రం మొరాయించేది. మా ఇల్లు తోటలోనే, చుట్టూ ఎప్పుడూ కూలీలు.

"అందరి ముందూ మీ నాన్న చెయ్యి పట్టుకుని ఊరేగనా? నవ్విపోతారే!"

నేను పట్టుకుంటే బరువంతా నా మీద వేసేసి కాలు ఈడ్చేది. నాకు ఒళ్ళు మండేది. ఇక నడవదేమోనని భయమూ వేసేది.

ఒకరోజు నాన్న విసిగిపోయి, అమ్మ కుడిచేతికి కర్ర ఇచ్చారు.

"సరే, ఎప్పట్లాగే రా" అని ముందు బయల్దేరారు.

అమ్మ లేచింది! ఆయన వెనకే, కర్ర ఊతంతో అడుగులో అడుగు వేసుకుంటూ. పడితే పట్టుకోవడానికి పక్కన నేను. ఎప్పుడూ చరచరా నడిచే నాన్న ఇప్పుడు ప్రతి చెట్టు దగ్గరా ఆగి, పురుగు పట్టిందేమోనని కొమ్మ వంచి పూత తెగ పరీక్షించేవారు. పురుగూ లేదు, గిరుగూ లేదు. అమ్మ అందుకునేదాకా కాలక్షేపం.

పిందె పడింది, కాయ ముదిరింది, కోతలొచ్చాయి. కూలీలు కాయ కోస్తుంటే, ఆ వేళా నాన్న ఒక చెట్టు దగ్గర ఆగారు. చూడ్డానికి పూత లేదు కాబట్టి మాను బెరడు చూస్తున్నారు. అమ్మకి చిర్రెత్తుకొచ్చింది.

"ఏంటండీ, దారికడ్డంగా? మీతో అయితే నాకు తెమలదు. తప్పుకోండి."

ఆయన్ని దాటుకుని ముందుకెళ్ళిపోయింది. ఎడమ పాదం ఇంకా కాస్త ఈడుస్తోంది. అయినా తనంతట తనే, వరసగా ఒక్కో చెట్టూ దాటుకుంటూ వెళుతోంది. కూలీలు కోత ఆపి చూస్తున్నారు. నాన్న వాళ్ళందరి ముందే ఏడ్చేశారు.